పాత కారులో బ్యాటరీ, ఆల్టర్నేటర్ లోపాల నిర్ధారణ

పాత కారు స్టార్ట్ కాకపోతే నింద ముందుగా బ్యాటరీ మీదే పడుతుంది. విజయవాడ ఎండలకు బ్యాటరీ ఆయుష్షు తగ్గే మాట నిజమే. అయినా వోల్టు మీటరు పెట్టకుండా దాన్ని మార్చడం సరికాదు. కొన్ని గంటలు ఆగి ఉన్న కారులో నిండుగా ఛార్జయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజిన్ నడుస్తుంటే రీడింగు సాధారణంగా 13.8, 14.5 వోల్టుల మధ్యకు పెరగాలి. పెరగకపోతే అనుమానించాల్సింది ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును, వైర్లను. కొత్త బ్యాటరీ వేయగానే బండి కదిలింది కదా అనే వాదన నిలవదు. ఛార్జింగ్ అందకున్నా కొత్త బ్యాటరీ తన నిల్వతోనే కొంతసేపు బండిని నడిపిస్తుంది. కొన్ని కొత్త మోడళ్లలో వోల్టేజీని కంప్యూటరే తగ్గిస్తుందన్న అభ్యంతరం మాత్రం సబబైనదే. అందుకే హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడాలి. నడుస్తున్న ఇంజిన్‌కు బ్యాటరీ వైరు పీకి చూసే పాత అలవాటు మానాలి, వోల్టేజీ ఎగసి ఇంజిన్ కంప్యూటరు (ఈసీఎం) కాలిపోవచ్చు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తాక మీటరుతో పరీక్షించే జాగ్రత్త మరింత అవసరమైంది. నీట మునిగిన ఆల్టర్నేటర్ పైకి శుభ్రంగానే కనిపించవచ్చు. కనెక్టరు విప్పితే రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము బయటపడుతుంది. పాత కారు కొనేవారు బేరం కుదుర్చుకోకముందే ఆటోనగర్ మెకానిక్ దగ్గర ఇంజిన్ ఆపి ఒకటి, నడిపి ఒకటి, రెండు రీడింగులూ తీయించుకోవాలి.