చలికొండపై చెమట

గూడూరు శ్రోతలకు చలిని గూర్చి చెప్పబూనుట కొంత వింతగానే తోచవచ్చును. పుష్యమాసపు తెల్లవారుజామున ఒక దుప్పటి కప్పుకొన్నచో ఇక్కడి చలి తీరిపోవును. అయినను, 2022లో తిరుపతి జిల్లాలో చేరుటకు పూర్వము గూడూరు ఏ నెల్లూరు జిల్లాలో ఉండెనో, ఆ జిల్లాలోని గాంధీ జనసంఘము అను పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో, 172 దినములలో, ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను అధిరోహించినారు. అందు మొదటిది అంటార్కిటికాలోని విన్సన్ శిఖరము. ఎండనేలలో పెరిగిన దేహమును ఆ మంచులో కాపాడునది ఏది?

ఉన్నిబట్ట వెచ్చనిదని అందుము. నిజమునకు ఏ బట్టకును తనదైన వేడి లేదు, వేడి దేహముదే. కొండనెక్కువాని కండరములు వ్యయపరచు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పనిగా మారును, తక్కినదంతయు వేడియే. ఆ వేడిని పోనీయక పట్టి ఉంచునది పోగుల నడుమ కదలక నిలిచిన గాలి. రెండు పలుచని దుప్పట్లు కలిపి కప్పుకొన్నచో వెచ్చగా నుండుట మన ఇండ్లలో పెద్దలు ఎరిగినదే.

జార్జి ఫించ్ అను పర్వతారోహకుడు 1922లో ఎవరెస్టునకు పోవునపుడు బెలూనుగుడ్డలో బాతు నూగు నింపిన కోటును తొడిగినాడు. తోటివారు నవ్వినారు. చలిగాలి వీచిన పిమ్మట ఆ నవ్వు అసూయ అయినది. 1924 జూన్‌లో అదే కొండపై అదృశ్యుడైన జార్జి మాలరీ పట్టు, ఉన్ని మొదలగు పలుచని పొరలపై గాలి చొరని గబర్డీను ధరించినాడు. 1999లో ఆయన దేహము దొరకినది. ఆ పేలికలను పరిశీలించి, అట్టివే నేయించి, 2006లో ఎవరెస్టుపై తొడిగి చూచినారు. నడచుచున్నంతసేపు ఆ ఉడుపు తేలికగాను వెచ్చగాను ఉన్నది. రాత్రి కొండపై చిక్కినవానికి మాత్రము అది చాలదని తేలినది.

గండమంతయు ఆగినపుడే. కండరములు వేడి పుట్టించుట తగ్గును. ఎక్కునపుడు పట్టిన చెమట గాలిని తరిమి గుడ్డలో తానే నిలుచును. నీరు గాలికంటె దాదాపు 25 రెట్లు వేగముగా వేడిని లాగివేయును. గూడూరు వేసవిలో మనకు ప్రియమైన నూలుబనియను మంచులో శత్రువగుట ఇందుచేతనే. ఉన్ని తడిసినను కొంత గాలిని విడువదు. ఈనాటి ఆటగాండ్ర పాలియెస్టరు బనియను చెమటను పీల్చి దాచుకొనక పైపొరకు తరలించును.

మస్తాన్‌బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా ఎక్కుచు తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో ఆయన దేహమును స్వగ్రామమునకు తెచ్చినారు.

చదువునకై చలిదేశములకు పోవు బిడ్డలకు తల్లులు మొదట మందపు స్వెట్టరునే సర్దుదురు. దానిని మేము కాదనము. అయితే అచట ఉదయము పరుగునకు పోవువారు బయలుదేరునపుడు కొంచెము చలిగా ఉండునట్లే తొడుగుకొనవలెను. పరుగు ఆగిన వెంటనే తడిసిన లోబనియను మార్చి, ఆ స్వెట్టరును అప్పుడు తొడుగవలెను.