చెఱకు శత్రువు: పేరు, ఊరు

శత్రువును జయింపగోరువారు ముందుగా వాని పేరును, ఊరును తెలిసికొనవలెను. ఈ మాట పైరుల శత్రువులకును వర్తించును. ఇందులకు నిదర్శనముగా పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి దీవుల చెఱకుతోటల చరిత్రను మనము చెప్పుకొందము.

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆ తోటలను ఒక చిన్న పురుగు పట్టుకొనెను. అది ఆకుల రసమును పీల్చును. ఈనెను చీల్చి గ్రుడ్లను లోపల దాచును. అది విసర్జించు తీపిరసముపై నల్లని బూజు పట్టును. తోటలకు తోటలే పాడైపోయెను. మన వరి రైతులు సుడిదోమ యని పిలుచునది ఈ కుటుంబములోనిదే.

ఆ దీవులలో ఈ కుటుంబపు పురుగులు అనాదిగా పెక్కు రకములున్నవి. వానిలో ఒకటి చెఱకునకు మరగినదా, లేక ఇది పరదేశమునుండి వచ్చినదా? సమాధానమును పురుగు దేహమునందే వెదకవలసి వచ్చెను. వెనుకకాలి జంఘ చివర కదలెడి ముల్లుండుట కుటుంబ లక్షణము. మీసపు మొదటి కణుపు చదునై వెడల్పుగా నుండుట దీని గురుతు. దగ్గరి జాతులను వేరుపరచుటకు మగపురుగు జననాంగములను సూక్ష్మదర్శినితో చూడవలెను. 1903లో కిర్కాల్డీ దీనిని కొత్త జాతిగా నిర్ణయించి 'పెర్కిన్సియెల్లా సక్కారిసిడా' యని పేరిడెను. మొదటి మాట ఆ దీవుల కీటకములను పరిశోధించిన పెర్కిన్సునకు గౌరవము. రెండవదానికి చెఱకును చంపునది యని అర్థము.

పేరు తేలెను, ఊరు తేలవలెను. అదే పురుగు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు చెఱకుపై కనబడెను. అక్కడినుండి తెచ్చిన చెఱకు ముచ్చెలలో దాగి గ్రుడ్లు హవాయి చేరినవని శాస్త్రజ్ఞులు భావించిరి. కాని క్వీన్స్‌లాండులో అంతటి నాశనము జరుగకుండెను. ఏల? 1904లో పెర్కిన్సు, కోబెలె అనువారలు అచ్చటికి పోయి చూచిరి. దాని గ్రుడ్లలోనే పెరిగి వానిని నశింపజేయు అతిసూక్ష్మమైన కందిరీగ జాతులు అచ్చట నుండెను. వానిని హవాయికి తెచ్చి విడువగా నష్టము తగ్గెను గాని పూర్తిగా తొలగలేదు.

1920లో మ్యూర్ అను శాస్త్రజ్ఞుడు క్వీన్స్‌లాండునుండియే గ్రుడ్లను పీల్చు ఒక చిన్న నల్లిజాతి పురుగును తెచ్చెను. దాని బంధువులలో పెక్కు మొక్కల రసమును త్రాగునవి. కావున ఇది పైరునకు హాని చేయదని పరీక్షించి తెలిసికొనిన పిమ్మటనే విడిచిరి. కొలది సంవత్సరములలో ఆ పీడ అణగిపోయెను.

హవాయిలో వాణిజ్యపు చెఱకు సాగు 2016లో ముగిసెను. ఆ చరిత్ర నేర్పిన పాఠము మాత్రము ముగియలేదు. మన పొలములో కొత్త పురుగు కనబడినప్పుడు దీనికి మందేది యని అడుగుటకు ముందు, ఇది ఏ జాతిది, ఎచ్చటిది, దేనిని తినునది యని మనము అడుగవలెను.