గింజ తెచ్చినవాడి పేరు

చలిజ్వరం మన ఏజెన్సీ గూడేలకు కొత్త కాదు. వానలు ముదిరితే ఇంటికొకరు దుప్పటి కప్పుకొని వణకడం మన తాతలకూ తెలుసు, మనకూ తెలుసు. ఆ జ్వరానికి ఇచ్చిన క్వినైన్ చేదు మన పెద్దవాళ్ళ నాలుకలకు బాగా గుర్తు. ఆ చేదు ఒక చెట్టు బెరడుది. దాని పేరు సింకోనా. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల తూర్పు వాలుల్లో, మంచు కమ్మే అడవుల్లో పెరుగుతుంది. అక్కడి ఆదివాసుల క్వెచువా భాషలో బెరడును 'కినా' అంటారు. క్వినైన్ అన్న మాట అందులోంచే పుట్టింది. కానీ చెట్టుకు మాత్రం స్పెయిన్ దొరసాని పేరు మీద సింకోనా అని 1742లో లిన్నేయస్ పేరు పెట్టాడు. ఆమె ఆ బెరడు తాగి బతికిందని అప్పట్లో ఒక కథ ఉండేది. అది నిజం కాదని తరువాత తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

1630ల నుంచి క్రైస్తవ సన్యాసులు ఆ బెరడును యూరపుకు చేర్చడం మొదలుపెట్టారు. 1820లో పారిస్‌లో పెల్టియే, కావెంటూ అనే ఇద్దరు బెరడులోంచి క్వినైన్‌ను వేరుచేశారు. అప్పటినుంచి గిరాకీ పెరిగిపోయింది. బెరడు కోసం చెట్టును కొట్టేసేవారు. నరమామిడి చెక్క కోసం చెట్టును నిలువునా ఒలిచేస్తే ఏమవుతుందో మన కొండల్లో చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆండీస్‌లో బెరడు ఒలిచే పని చేసింది ఆదివాసులే. చీకటి అడవుల్లో వారాల తరబడి తిరిగి, చెట్టు కొట్టి, బెరడు ఎండబెట్టి, వీపున మోసుకొచ్చేవారు. లాభం మాత్రం రేవుల్లో ఉన్న వర్తకులది.

బెరడు కొనే బదులు చెట్టునే తమ వలసల్లో పెంచుకుంటే బాగుంటుందని డచ్చివారికీ బ్రిటిష్ వారికీ అనిపించింది. ఆండీస్ దేశాలు గింజలు, మొక్కలు బయటికి పోకుండా ఆంక్షలు పెట్టాయి. అయినా ఆగలేదు. 1850లలో డచ్చివారు జావాకు మొక్కలు తెచ్చారు. 1860 ప్రాంతంలో క్లెమెంట్స్ మార్కమ్ పూనికతో బ్రిటిష్ వారు గింజలూ మొక్కలూ సేకరించి నీలగిరులకు చేర్చారు. ఊటీలో మెకైవర్ అనే తోటల అధికారి వాటిని మొలిపించాడు. దొడ్డబెట్ట, నడువట్టం కొండల మీద తోటలు లేచాయి. అడవులు నరికి తోటలు వేశారు. నడువట్టంలో చైనా ఖైదీల చేత కూడా పని చేయించారు. కానీ ఈ చెట్లు ఏవీ మేలిరకం కావు. కొన్నింటి బెరడులో క్వినైన్ చాలా తక్కువ. ఎక్కువ క్వినైన్ ఉండే చెట్టు ఎక్కడుందో, దాన్ని ఎలా గుర్తుపట్టాలో తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు.

అలా తెలిసినవాడు మాన్యుయెల్ ఇంక్రా మమానీ. మమానీ అన్నది అయ్మారా ఆదివాసుల్లో ఉండే ఇంటిపేరు. బెరడు సేకరించే కుటుంబంలో పుట్టినవాడు. చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లీషు వర్తకుడి దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాడు. బొలీవియా అడవుల్లో అన్నిటికన్నా మంచి సింకోనా చెట్టు గింజలు తెమ్మని లెడ్జర్ 1861లో అతన్ని పురమాయించాడు.

గింజ తేవడమంటే వెళ్ళి కోసుకురావడం కాదు. సింకోనా గింజ చిన్న కాగితపు రెక్కలాంటిది. ఒక గ్రాములో రెండు మూడు వేల గింజలు తూగుతాయి. గాలి ఊదితే పోతాయి. కాయ పండకముందు కోస్తే మొలవదు. పండి పగిలాక వెళితే మిగలదు. కాబట్టి చెట్టు దగ్గరే కాచుకొని ఉండాలి. మమానీ తన కొడుకుతో ఆ అడవిలో కాచుకున్నాడు. ఒక ఏడు మంచు పడి పూత మాడిపోయింది. మరుసటి ఏడూ అంతే. నాలుగేళ్ళు వరసగా అలాగే జరిగింది. అయినా అతను వేరే చెట్టు గింజ తెచ్చి ఇదే అనలేదు. అలా తెచ్చినా దొరకు తెలిసేది కాదు. 1865లో కాపు నిలిచింది. గింజలు ఎండబెట్టి, మూటగట్టి, కొండలు దాటి వందల మైళ్ళు నడిచి టక్నా ఊళ్ళో లెడ్జర్ చేతికి ఇచ్చాడు.

లెడ్జర్ వాటిని లండన్‌లోని తమ్ముడికి పంపాడు. అతను అమ్మబోతే బ్రిటిష్ ప్రభుత్వం వద్దంది. డచ్చి ప్రభుత్వం ఒక్క పౌను గింజలు, అంటే అరకిలోకి కాస్త తక్కువ, కొద్దిపాటి డబ్బుకు కొన్నది. మిగిలినవి హిందూదేశపు తోటల యజమాని ఒకాయన కొన్నాడు. అవి నీలగిరులకు చేరినా పెద్దగా ఫలించలేదు. జావాలో మాత్రం ఆ పౌను గింజల నుంచి సుమారు 20,000 మొక్కలు వచ్చాయి.

అక్కడి తోటవాళ్ళు ఎలా పెంచారో గమనించాలి. ఈ గింజను మట్టిలో పూడ్చకూడదు. మెత్తటి ఆకుమట్టి మీద చల్లి, పైన నీడ పందిరి వేసి, ధారగా కాక తుంపరగా నీళ్ళు చిలకరించాలి. రెండు మూడు వారాలకు మొలక కనిపిస్తుంది. ఆలస్యం చేస్తే గింజ చచ్చిపోతుంది. ఇంకో సంగతి, సింకోనా రకాలు పక్కపక్కన ఉంటే పుప్పొడి కలిసి గుణం మారిపోతుంది. అందుకని మమానీ గింజల మొక్కలను వేరే చోట నాటారు. పెరిగాక చెట్టు చెట్టుకూ బెరడు పరీక్ష చేసి, గొప్ప చెట్లను ఉంచి తక్కువ వాటిని తీసేశారు. మేలిరకాన్ని మొండి రకం వేరు మీద అంటుకట్టారు. కొన్ని చెట్ల బెరడులో క్వినైన్ పదిశాతం దాటింది. 1930ల నాటికి ప్రపంచంలో వాడే క్వినైన్‌లో తొంభై శాతానికి పైగా జావా నుంచే వచ్చేది. దాని మూలం ఒక ఆదివాసి నాలుగేళ్ళు కాచి తెచ్చిన గింజ.

ఆ చెట్టుకు శాస్త్రంలో పెట్టిన పేరు సింకోనా లెడ్జెరియానా. వర్తకుడి పేరు. లెడ్జర్‌కు కూడా ముసలితనంలో, 1897లో గానీ డచ్చి ప్రభుత్వం పింఛను ఇవ్వలేదు. మరి మమానీ? 1871లో లెడ్జర్ మళ్ళీ గింజలు కావాలని కబురు పెట్టాడు. ఈసారి కొరోయికో దగ్గర అధికారులు మమానీని పట్టుకున్నారు. జైల్లో పెట్టి, ఎవరి కోసం తెస్తున్నావో చెప్పమని కొట్టారు. తిండి సరిగా పెట్టలేదు. చివరికి వదిలారు. కొన్ని రోజులకే చనిపోయాడు. అతని గింజ పేరు చెప్పుకొని ఎవరెవరో గొప్పవాళ్ళయ్యారు. ఏ చెట్టుకూ అతని పేరు పెట్టలేదు.

అతను తన దేశానికి ద్రోహం చేశాడని అనేవాళ్ళు ఉండొచ్చు. కానీ ఆ దేశాన్ని అప్పుడు ఏలినవాళ్ళు ఆదివాసులు కారు. అడవిని కొట్టి బెరడు అమ్ముకున్న వర్తకులను ఎవరూ జైల్లో పెట్టలేదు. పట్టుబడింది మూట మోసినవాడు. ఈ మాట మన కొండల్లో కూడా చెల్లుతుంది.

క్వినైన్ ప్రాణాలు నిలిపింది, అందులో సందేహం లేదు. 1892 నుంచి బెంగాల్‌లో పోస్టాఫీసుల్లో పొట్లాలు కట్టి అమ్మారు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అప్పుడు దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా ఇచ్చారు. కానీ మందు ప్రాణంతోపాటు ఇంకొకటి కూడా తెచ్చింది. అంతకుముందు మన్యం జ్వరం అంటే పైవాళ్ళకు హడల్. 1879 రంప తిరుగుబాటులో వచ్చిన పోలీసులూ సిపాయిలూ జ్వరాలతో పడిపోయారు. జ్వరం మనల్నీ చంపింది, వాళ్ళనూ ఆపింది. క్వినైన్ జేబులో పెట్టుకొన్న దొరకు అడవిలో రోడ్డు వేయడం, రిజర్వు గీతలు గీయడం తేలికైంది. ఆఫ్రికా లోపలికి యూరపువాళ్ళు పోగలిగింది కూడా ఈ బెరడు బలంతోనే. ఒక అడవి బిడ్డల జ్ఞానం ఇంకొక అడవి తలుపు తీయడానికి పనికొచ్చింది.

ఇదంతా పాతకథ అనుకోవద్దు. కేరళలో అగస్త్యమలై కొండల్లో కాణి తెగవాళ్ళున్నారు. 1987లో వాళ్ళ వెంట అడవికి వెళ్ళిన శాస్త్రవేత్తలు, దారిలో కాణివాళ్ళు ఏవో కాయలు నములుతూ అలుపు లేకుండా నడవడం చూశారు. అడిగితే మొదట చెప్పలేదు. తరువాత చూపించారు. దాని పేరు ఆరోగ్యపచ్చ. దాంతో జీవని అనే మందు తయారైంది. 1995లో ఒక కంపెనీకి పది లక్షల రూపాయలకు, రెండు శాతం రాయల్టీకి ఇచ్చారు. అందులో సగం కాణివాళ్ళకు దక్కేలా 1997లో ట్రస్టు పెట్టారు. మమానీకి జరిగినదానికన్నా ఇది ఎంతో మేలు. కానీ కాణివాళ్ళు ఆ మొక్కను తమ ఇళ్ళ దగ్గర పెంచి అమ్మబోతే అటవీశాఖ అడ్డుపడింది. పెరట్లో పెంచారో, అడవిలోంచి పీకారో ఎలా తెలుస్తుందన్నది వాళ్ళ ప్రశ్న. తెలివి మనది, మొక్క మనది, పెరడు మనది. అయినా రుజువు చేసుకోవాల్సింది మనమే.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ దగ్గరా కమిటీ ఉండాలి, ఊరి మొక్కలూ వాటి వాడకమూ రాసే రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో ఉందో లేదో అడగండి. ఉంటే అందులో ఏం రాశారో, ఎవరు చెప్పారని రాశారో చదివించుకోండి. ఏది రాయాలో, ఏది రాయకూడదో గూడెం కూర్చొని తేల్చుకోవాలి. మన వెజ్జులు సర్పగంధి గింజ ఎప్పుడు కోస్తారు, ఏ నీడలో మొలిపిస్తారు అన్నది వాళ్ళతోనే పోతోంది. పిల్లలను వాళ్ళ వెంట పంపండి. ఇంటి వెనక నాలుగు మడులు కట్టి మొలిపించండి. మొలిచినదాని పక్కన ఒక కర్ర పాతి, గింజ ఇచ్చినవాళ్ళ పేరు దాని మీద రాయండి.