యుద్ధము – వడ్రంగము

యుద్ధచరిత్ర చదువునపుడు మన దృష్టి సేనానుల మీదను, సంధిపత్రముల మీదను నిలుచును. వడ్రంగి పనిపాక వైపు చూచువారు అరుదు. కాని యుద్ధము ఒక దేశపు నిత్యజీవితమును ఎంత లోతుగా తాకునో తెలిసికొనుటకు ఆ పాక మంచి చోటు. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటన్ దేశపు వడ్రంగమునకు పట్టిన గతిని నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

బ్రిటన్ తనకు కావలసిన కలపలో అధికభాగమును ఓడలమీద తెప్పించుకొను దేశము. 1939 సెప్టెంబరులో యుద్ధము మొదలు కాగానే ప్రభుత్వము కలపను తన అదుపులోనికి తీసికొనెను. 1940 ఏప్రిల్‌లో జర్మనీ నార్వేపై దండెత్తుటతో ఉత్తరపు దారి మూసికొనిపోయెను. అట్లాంటిక్ దారిలో జలాంతర్గాములు పొంచియుండెను. ఓడలో చోటున్నను తిండిగింజలకును, ఆయుధములకును అది చాలకుండెను. ఇక మిగిలినది స్వదేశపు అడవి. చెట్లు నరకు మగవారు సైన్యమునకు పోగా, 1942లో స్త్రీలతో ఒక కలపదళము నేర్పరచిరి. బొగ్గుగనుల పైకప్పు నిలుపు గుంజలను సైతము ఆ స్త్రీలు నరికి యిచ్చిరి.

కలప కరవైనందున వడ్రంగులు చేతులు ముడుచుకొని కూర్చుండిరా? లేదు. వారి పనియే మారిపోయెను. లండనుకు వాయవ్యమున హైవికమ్ అను ఊరు కుర్చీలకు ప్రసిద్ధి. అచటి కార్ఖానాలు మస్కిటో విమానపు భాగములను చేయసాగెను. 1940 నవంబరు 25న తొలిసారి ఎగిరిన ఈ విమానము చాలవరకు కొయ్యతో చేసినది. తేలికయైన బాల్సా కర్రను నడుమ నుంచి, ఇరువైపుల బర్చి చెక్కపొరలను జిగురుతో అంటించి, అచ్చుపై వంచి, మొండెమును రెండు సగములుగా చేసి, పిదప చిక్కుడుకాయ బద్దలవలె కలిపెడివారు. అల్యూమినియమునకు కొరతగా నున్న ఆ దినములలో వడ్రంగి నేర్పు దేశమునకు అక్కరకు వచ్చెను. ఇట్టి విమానములు మొత్తము 7,781 తయారైనవి. బీరువాకు తలుపు కుదిర్చిన చేతులే బాంబులు మోయు విమానమునకు రెక్కలు కుదిర్చినవి.

ఇండ్లలో మాత్రము ఇక్కట్లు పెరిగెను. 1940 సెప్టెంబరు నుండి కురిసిన బాంబులకు ఇండ్లతోపాటు మంచములు, బల్లలు బూడిదయ్యెను. పెండ్లిండ్లు మాత్రము ఆగలేదు. కొత్త కాపురమునకు సామాను కావలెను. చేయుటకు కలప లేదు. అందువలన 1942లో వాణిజ్యశాఖ మంత్రి హ్యూ డాల్టన్ ఒక సలహాసంఘమును నియమించెను. ప్రసిద్ధ రూపశిల్పి గోర్డన్ రస్సెల్ అందులో సభ్యుడు. 1943 జనవరి 1న ‘యుటిలిటీ’ సామాను పట్టిక వెలువడెను. ఆ పట్టికలోని నమూనాలనే చేయవలెను. కొత్తగా పెండ్లియైనవారికి, బాంబులవలన ఇల్లు పోగొట్టుకొన్నవారికి మాత్రమే అమ్మవలెను. తొలుత ఒక్కొక్క కుటుంబమునకు 60 యూనిట్లు. బట్టల బీరువాకు 8, కుర్చీకి 1. పిదప ఆ 60 కూడ 30 అయ్యెను.

ఈ కట్టడిలో ఒక మేలు కలదు. చెక్కడపు పనులు, పైపై నగిషీలు పోయి, కుసిని బెజ్జములో బిగించు గట్టి అతుకులు నిలిచెను. పేదయింటికిని మన్నికగల వస్తువు చేరెను. కాని నగిషీపని నేర్చిన చేతికి పని లేదు. కొనువానికి కోరుకొను స్వేచ్ఛ లేదు. ఈ రెండు నష్టములను మేలు లెక్కలో మరువరాదు.

1945లో ఫిరంగులు మౌనము వహించినను కలప కరవు తీరలేదు. ఆ యేడే ఎర్నెస్ట్ రేస్ అను రూపశిల్పి, యుద్ధపు తుక్కుగా మిగిలిన అల్యూమినియమును కరగించి పోత పోసిన కుర్చీని రూపొందించెను. యుద్ధకాలమున కుర్చీల ఊరు విమానములు చేసినది. యుద్ధానంతరమున విమానపు లోహము కుర్చీయైనది. సామాను రేషను 1948లో తొలగెను. యుటిలిటీ పథకము 1952లో గాని ముగియలేదు.

యుద్ధము సాగినది ఆరేండ్లు. దాని నియమములు వడ్రంగి బల్లను పూర్తిగా వీడుటకు మరి ఏడేండ్లు పట్టెను. యుద్ధము ఒక వృత్తినుండి ముందు ముడిసరుకును, తరువాత పనివానిని, తుదకు అతని ఇచ్ఛను తీసికొనును. శాంతి వచ్చిన పిమ్మట వానిని తిరిగి యిచ్చుటలో మాత్రము ఆ తొందర కానరాదు. యుద్ధవ్యయమును లెక్కించువారు ఈ పద్దును కూడ వ్రాసికొనుట న్యాయమని మా మనవి.