వేటతుపాకి, తేలికరకము: నిర్మాణచరిత్ర

వేటకాడు తన భుజమునకును, తన నడకకును, తాను వెదకు మృగమునకును తగినట్లుగా, బరువును వీలైనంత తగ్గించి ప్రత్యేకముగా చేయించుకొనిన తుపాకియు, విడిభాగములను సేకరించి స్వయముగా కూర్చుకొనిన తుపాకియు తేలికరకపు వేటతుపాకు లనబడును. ఈ నిర్మాణము నేడు ప్రధానముగా అమెరికా సంయుక్తరాష్ట్రములలో తీరికవేళల వ్యాసంగముగా వర్ధిల్లుచున్నది. భారతదేశమున చట్టము దీనిని సామాన్యునకు అనుమతింపదు. అయినను వీర్నపల్లి అడవులు మొదలుకొని కోరుట్ల, జగిత్యాల, నిర్మల్ వరకు వ్యాపించిన ఉత్తర తెలంగాణ ప్రదేశమున ఇనుము, ఉక్కు, తుపాకి అను మూడింటి చరిత్ర సుదీర్ఘమైనది. దానిని పాశ్చాత్యుల వ్యాసంగచరిత్రతో కలిపి చదువువారికి ఒక వైపరీత్యము కనబడును. అడవిని కాలినడకన తిరుగువానికే తేలిక తుపాకి అవసరము. అతని చేతిలో అది ఉన్నకాలమున దానికి శక్తి చాలలేదు. శక్తి గల తేలిక తుపాకి పుట్టునప్పటికి అది అతని చేతికి అందరానిదయ్యెను.

బరువు తగ్గించుట యనగా కుందా కొయ్యను చెక్కివేయుటయే యని తలచువారు కలరు. నిజమున కది ఒక బేరము. మందు మండి గుండు ముందునకు పోవునప్పుడు తుపాకి అంతే వేగబలముతో వెనుకకు తన్నును. ఒకే గుండు, ఒకే మందు వాడిన యెడల తుపాకి బరువు సగమైనచో ఆ తన్నులోని శక్తి రెట్టింపగును. గొట్టము పలుచనైనకొలది త్వరగా వేడెక్కును, వరుసగా కాల్చినప్పుడు గురి చెదరును. తేలిక తుపాకిని అలసి రొప్పుచున్న మనుష్యుడు నిలకడగా పట్టుకొనుటయు కష్టమే. ఇన్ని నష్టములకు ప్రతిఫలముగా లభించునది ఒక్కటే: ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు గుట్టలెక్కి దిగిన పిమ్మట గూడ చేతిలో మిగిలియుండు సత్తువ. ఈ బేరమును ఏ కాలమువారు ఎట్లు కుదుర్చుకొనిరో చెప్పుటయే ఈ చరిత్ర.

ముందుగా మన ప్రాంతపు ఇనుము మాట. వీర్నపల్లి 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఎల్లారెడ్డిపేట నుండి విడివడి, రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండలకేంద్రమైన గ్రామము. చుట్టును అడవి, గుట్టలు, లంబాడీ తండాలు. ఈ అడవులకు ఉత్తరమున, నేటి నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలములో, కోనసముద్రమను ఊరు కలదు. మూసలలో ఇనుమును కరిగించి తీసిన అచ్చటి ఉక్కు దూరదేశముల ఖడ్గములకు ముడిసరకైనది. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వోయిసీ 19వ శతాబ్ది తొలిపాదమున ఆ కొలుములను చూచి వ్రాసిన వివరణము, అతడు 1824లో మరణించిన పిదప, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటితమైనది. రెండు చోట్ల తీసిన ఇనుమును కలిపి మూసలో పోయుదురనియు, ఉక్కు కొనుటకై పారశీక వర్తకులు అంతదూరము వచ్చి కూర్చుందురనియు అతడు వ్రాసెను. 2010లో బ్రిటనులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము, బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ కలిసి జరిపిన పరిశీలనలో ఉత్తర తెలంగాణపు పల్లెల వెంబడి చిట్టెపు కుప్పలు, మూసల పెంకులు విస్తారముగా లెక్కకు వచ్చినవి.

అయితే కోనసముద్రపు ఉక్కునే తుపాకిగొట్టములుగా చేసిరని తొందరపడి చెప్పరాదు. ఆ ఉక్కులో కర్బనము ఎక్కువ. అది కత్తివాదరకు తగినది. గొట్టమునకు కావలసినది వాదర కాదు, ఒత్తిడికి పగులని మెత్తదనము. పల్లెకొలిమిలో నేరుగా తీసిన సాధారణపు ఇనుమునకు ఆ గుణము కలదు. మన దేశపు కమ్మరులు ఇనుపపట్టెను కడ్డీచుట్టు మెలివేసి అతికిన గొట్టములను ఐరోపావారు సైతము మెచ్చుకొనిరి. నిజాము రాజ్యమున హైదరాబాదు నగరమును, గద్వాల, వనపర్తి సంస్థానములును ఆయుధముల పనికి ప్రసిద్ధములు. నిర్మల్‌లో నిజాము సేనాని జఫరుద్దౌలా ఫిరంగుల కార్ఖానా నడిపెను. జగిత్యాల కోటను 18వ శతాబ్ది మధ్యమున అతని కొరకై ఫ్రెంచి ఇంజనీర్లు కట్టిరని ప్రతీతి. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాన్ హైదరాబాదులో నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా నేటికిని ఒక పేటకు పేరై నిలిచియున్నది. 1798లో రేమాన్ మరణించుటయు, అదే సంవత్సరమున అతని దళములను ఆంగ్లేయులు నిరాయుధులను చేయుటయు జరిగిన తరువాత ఈ విద్యకు రాజాశ్రయము సన్నగిల్లెను.

ఆ కాలపు వేటగాని చేతిలోనిది జామగి తుపాకి, అనగా వెలుగుచున్న వత్తిత్రాడుతో మందు నంటించునది. దీని ఆకృతిని సంగ్రహాలయములలో చూచువారు సాధారణముగా దాని పొడవునకును, నగిషీకిని ఆశ్చర్యపడి, అసలు విశేషమును గమనింపక పోవుదురు. గొట్టము మనుష్యుని ఛాతీయెత్తు ఉండును. కుందా మాత్రము ఐరోపా తుపాకివలె వెడల్పైనది కాక, నిటారుగా, చేతికర్రవలె సన్నగా ఉండును. గొట్టమును కొయ్యకు మేకులతో బిగింపక తోలుపట్టెలతోనో ఇత్తడితీగతోనో చుట్టి కట్టుదురు. జామగిని పట్టుకొను కొక్కెము కొయ్య నడిమి చీలికలో దాగియుండి, మీట నొక్కినంతనే ముందునకు వంగి రంజకపు గిన్నెను తాకును. ఇందు అనవసరమైన ఇనుము దాదాపుగా లేదు. నాటుమందు బలము తక్కువదగుటచే తన్నును మితమే. కాబట్టి సన్నని కుందా చాలెను. పాశ్చాత్యులు తరువాత లోహశాస్త్రము వలన సాధించిన తేలికదనమును మన కమ్మరి, వడ్రంగి ఇరువురును కలిసి కేవలము అల్పవ్యయము నిమిత్తము సాధించిరనుట అతిశయోక్తి కాజాలదు. ఇక లోపములు చిన్నవి కావు. వాన పడినచో జామగి ఆరును. వెలుగుచున్న జామగి వాసనను, మిణుకును మృగము దూరమునుండియే పసిగట్టును. గొట్టమున మెలికగాడులు లేకుండుటచే గుండు కొలది దూరము దాటిన పిదప దారి తప్పును. అందుచేత పల్లెవేటగాడు వలలను, ఉచ్చులను విడిచిపెట్టలేదు. తుపాకిని నీటిమడుగుల యొద్ద మాటువేయుటకే వాడుకొనెను. జామగికి మారుగా గుఱ్ఱము క్రింద పేలుడు టోపీ వచ్చిన తరువాత గూడ మూతినుండి మందు దట్టించు పద్ధతి మారలేదు. తెలంగాణములో ఈ తుపాకికే భర్మారు అని వాడుక. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటమున దళముల చేత తొలుత ఉన్నది ఇదియే.

దొరల తుపాకి ఇందుకు కేవలము వ్యతిరేకమైన మార్గమున పెరిగెను. నల్లని తుపాకిమందు కాలమున పెద్దమృగమును కూల్చుటకు గుండును పెద్దది చేయుట తప్ప ఉపాయము లేకుండెను. పౌను సీసమునకు నాలుగు గుండ్లు వచ్చు బోరు తుపాకి పది కిలోగ్రాముల దరిదాపున తూగుచుండెను. దానిని మోయుటకు వేరొక మనుష్యుడు కావలెను. మధ్యభారతపు అడవులలో ఉద్యోగము చేసిన జేమ్స్ ఫోర్సైత్ 1863లో వేట రైఫిళ్లను గూర్చి గ్రంథమే వ్రాసెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పులివేటలో గొప్ప పేరు గడించెను. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు వరంగల్లు జిల్లా నెక్కొండ ప్రాంతమున వేటాడినప్పుడు లాలా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రములు నేటికిని ప్రసిద్ధములు. పల్లెజనము అడవిని చుట్టుముట్టి, డప్పులు కొట్టి మృగమును తోలుచుండగా, మంచె మీదనో ఏనుగు మీదనో ఉన్న ప్రభువునకు తుపాకి బరువు ఒక సమస్యయే కాదు. లండనులో హాలండ్, రిగ్బీ వంటి శాలలవారు రాజుల, నవాబుల భుజముల కొలతలు తీసికొని చేసిన జంటగొట్టాల తుపాకులు కళాఖండములే గాని, వానిలో తేలికదనము కొరకు చేయబడినవి స్వల్పము.

మార్పునకు మూలము మందు. 1884లో పాల్ వియెయ్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు పొగలేని మందును కనిపెట్టెను. రెండేండ్లలో ఫ్రెంచి సైన్యము దానిని లెబెల్ రైఫిలులో వాడెను. చిన్నగుండు మహావేగముతో పోవుట సాధ్యమైనంతనే గొట్టపు బోరు చిక్కెను, దానితోపాటు తుపాకియు చిక్కెను. 1898 నాటి మౌజరు యంత్రాంగమును, 1903లో ఆస్ట్రియాలో వెలువడిన మాన్లిఖర్–షోనావర్ పొట్టి రైఫిలును ఈ మార్పునకు ఆదర్శములు. భారతదేశమున ఈ మార్పు యొక్క అర్థమును గ్రహించినవాడు వేటగాడు జిమ్ కార్బెట్. చంపావత్ నరభక్షక వ్యాఘ్రమును సంహరించినందులకు 1907లో సంయుక్తపరగణాల లెఫ్టినెంటు గవర్నరు అతనికి బహూకరించిన రిగ్బీ .275 రైఫిలు, మౌజరు యంత్రాంగముపై కట్టబడిన తేలిక తుపాకి. కుమావూఁ కొండలలో వారములతరబడి ఒంటరిగా నడచువాడు మోయగలిగినది అదియే. 1926లో రుద్రప్రయాగ చిరుతను కూల్చినదియు అదియే. అదే 1907లో ఆంగ్లప్రభుత్వము .450 బోరు రైఫిళ్లను, తూటాలను భారతదేశములోనికి తెచ్చుటను నిషేధించెను. సైన్యపు పాత తుపాకులకు పనికివచ్చు తూటాలు తిరుగుబాటుదారుల చేతికి పోవునను భయమే కారణము. లండను శాలలవారు నష్టపోవుటకు మారుగా .465, .470 వంటి క్రొత్త బోరులను సృష్టించి అమ్ముకొనిరి. ఒక శాసనము మృగయావిద్యలో ఇంతటి కల్పనాశక్తిని పుట్టించుట అరుదు.

తుపాకిని స్వయముగా కూర్చుకొను వ్యాసంగము మాత్రము అమెరికాలో పుట్టినది. అధ్యక్షుడుగా నుండిన థియొడోర్ రూజ్‌వెల్ట్ సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలును వేటకు అనువుగా మార్పించుకొని 1909లో ఆఫ్రికాకు తీసికొనిపోయెను. 1910 ప్రాంతమున లాస్ ఏంజిలిస్‌లో లూయీ వుండ్‌హామర్ అను కొయ్యపనివాడు అట్టి రైఫిళ్లకు సన్నని కుందాలను చెక్కి పేరుపొందెను. ప్రభుత్వము మిగులు రైఫిళ్లను పౌరులకు చౌకగా అమ్ముటయు, రెండవ ప్రపంచయుద్ధానంతరము సైనికులు జర్మను మౌజరులను ఇంటికి తెచ్చుకొనుటయు ఈ వ్యాసంగమునకు ముడిసరకును సమకూర్చినవి. రైతు, గుమాస్తా, బడిపంతులు శీతకాలపు రాత్రులందు వర్క్‌షాపులో కూర్చుండి సైన్యపు బరువుకొయ్యను తొలగించి, వాల్‌నట్ దుంగనుండి తనకొలతకు కుందా చెక్కుకొనుట సామాన్యమైనది. టౌన్సెండ్ వీలెన్, జాక్ ఓకానర్ వంటి రచయితలు పత్రికలలో వ్రాసిన వ్యాసములు వారికి గురువులైనవి. 1925లో వెలువడిన .270 వించెస్టరు తూటాకు ఓకానర్ జీవితాంతము ప్రచారకుడు. కర్మాగారములు ఈ రుచిని ఆలస్యముగా గుర్తించినవి: వించెస్టరు వారి మోడల్ 70లో ఫెదర్‌వెయిట్ రకము 1952లో గాని రాలేదు.

1980లలో వెస్ట్ వర్జీనియాకు చెందిన మెల్విన్ ఫోర్బ్స్ చేసిన పని ఈ చరిత్రలో ప్రత్యేకముగా పేర్కొనదగినది. అంతకుముందరి వారు ఉన్న తుపాకిని అక్కడక్కడ గీకి, తొలిచి బరువు తగ్గింపజూచిరి. అతడు తూటా పొడవును బట్టి యంత్రాంగమునే చిన్నదిగా రూపొందించి, కెవ్లార్ నారతో కుందా పోతపోసి, దూరదర్శిని లేకుండ అయిదు పౌనులకు, అనగా సుమారు రెండుంబావు కిలోగ్రాములకు మించని రైఫిలును తయారుచేసెను. సైన్యపు .303 రైఫిలు దాదాపు నాలుగు కిలోగ్రాములని జ్ఞాపకముంచుకొనినచో ఈ భేదము తెలియును. తరువాత టైటానియము, కర్బననార చుట్టిన గొట్టములు వచ్చినవి. ఈ పోటీ కొంతకాలమునకు పిచ్చిగా మారినదని చెప్పక తప్పదు: నాలుగు తులముల బరువు తగ్గించుటకై వందలకొలది డాలర్లు వెచ్చించి, ఆ తుపాకితో మోటారుబండి దిగి నాలుగు ఫర్లాంగులు నడచువారును బయలుదేరిరి.

మన దేశమున ఈ మార్గము చాలకాలము క్రిందటనే మూతపడెను. 1878 నాటి ఆయుధశాసనము బ్రిటిషు ఇండియాలో పల్లెకమ్మరి తుపాకిపనిని లైసెన్సు క్రిందికి తెచ్చెను. హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశములో విలీనమైన పిదప, 1959లో చేయబడి 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన ఆయుధచట్టము ఇచ్చటను వర్తించెను. దాని అయిదవ సెక్షను ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకిని తయారుచేయుట, మార్పుచేయుట, మరమ్మతు చేయుట నేరము. .303 నిషిద్ధబోరగుటచే పౌరులకై ఆయుధకర్మాగారములు .315 బోరు రైఫిలును చేసి అమ్మినవి. అది దృఢమైనదే గాని తేలికయని ఎవరును పొగడరు. 1980ల నడుమ విదేశపు తుపాకుల దిగుమతియు సామాన్యునకు ఆగిపోయెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను కఠినముగా కట్టడిచేసెను. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు 1978లో కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడిన పిదప ఇచ్చట తుపాకి యనునది మృగయావస్తువుగా గాక శాంతిభద్రతల విషయముగానే పరిగణింపబడుచు వచ్చెను. ఇందుకు విరుద్ధముగా, కర్ణాటకములోని కొడగు జాతివారికిని, ఆ ప్రాంతమున జమ్మా అను వంశపారంపర్యపు భూములు గలవారికిని లైసెన్సు అవసరము లేకుండ తుపాకి ఉంచుకొను మినహాయింపు బ్రిటిషువారి కాలమునుండి వచ్చుచు, కేంద్రప్రభుత్వముచే 2029 వరకు పొడిగింపబడినది. ఆ తుపాకిని కైలుపోళ్దు పండుగనాడు పూలతో అలంకరించి పూజింతురు.

హైదరాబాదులోని సాలార్‌జంగు సంగ్రహాలయపు ఆయుధశాలలో జామగి తుపాకులు నగిషీపనికి మచ్చుతునకలుగా ప్రదర్శింపబడియున్నవి. ఇక తెలంగాణ పల్లెలలో పంటపొలములను అడవిపందులు పాడుచేయునప్పుడు, వన్యప్రాణి చట్టపు పదునొకండవ సెక్షను క్రింద అనుమతిపొంది వానిని కాల్చుటకు లైసెన్సు గల షూటర్లను పిలిపించుట ఆచారము. వారు తెచ్చునది సామాన్యముగా కర్మాగారపు రైఫిలో, పండ్రెండు బోరు తుపాకియో. జొన్నచేనిగట్టుపై రాత్రివేళ దానిని మోయుచు నడచుట ఇప్పటికిని శ్రమయే.