డోలీ మోసిన మనిషి మొక్కు

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిని నిలబెట్టినవాడు సురిటి అప్పయ్య. ఆయన మిలటరీలో డోలీ బేరర్. ఆ రోజుల్లో పటాలం ఎటు కదిలితే అటు డోలీలూ కదిలేవి. ఎండదెబ్బకు కూలిన సిపాయి అయినా, జ్వరంతో లేవలేనివాడైనా, గాయపడ్డవాడైనా డోలీలోకి ఎక్కాల్సిందే, బోయీలు భుజాన వేసుకుని నడవాల్సిందే. అంబులెన్సులు లేని కాలంలో రోగికి దిక్కు ఆ భుజాలే. నర్సుగా పనిచేసి రిటైరైన నాకు ఈ గుడి చరిత్రలో అన్నిటికంటే పెద్ద సంగతిగా తోచేది ఇదే. ఇక్కడ జబ్బుపడ్డవాళ్ల కోసం మొదట మొక్కినవాడు జబ్బుపడ్డవాళ్లను మోసినవాడు.

1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఇంగ్లీషు పటాలాలకు చోటు దొరికింది. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలిసిన కంటోన్మెంటుకు 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. పటాలం వెంట బోయీలు, వంటవాళ్లు, చాకళ్లు, బజారువాళ్లు వచ్చి స్థిరపడ్డారు. గుడి చరిత్ర ప్రకారం 1813లో ఈ ఊళ్లో గత్తర లేచింది. కలరా అని కొందరంటారు, ప్లేగని కొందరు. అప్పటికి అప్పయ్య పటాలంతో ఉజ్జయినిలో ఉన్నాడు. తోటివాళ్లతో కలిసి అక్కడి మహంకాళి గుడికి వెళ్లి మొక్కుకున్నాడు. మా ఊరి జనం బతికి బట్టకడితే నీ విగ్రహం చేయించి మా ఊళ్లో నిలుపుకుంటామన్నది ఆ మొక్కు. 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహం ప్రతిష్ఠించాడు. 1864లో దాని స్థానంలో రాతి విగ్రహం వచ్చింది.

అప్పయ్య ఆ రోజు ఇంకేం చేయగలిగేవాడు? కలరా నీళ్లతో పాకుతుందని లండన్‌లో జాన్ స్నో తేల్చింది 1854లో. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించి వేలమంది ప్రాణాలు నిలపవచ్చని డాక్టర్ దిలీప్ మహలనబిస్ బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో చూపించింది 1971లో. అప్పయ్యకు ఇవేవీ తెలియవు. పైగా ఉజ్జయిని నుంచి ఇంటికి కాలినడకన వారాల దారి. ఎందరినో మోసినవాడు తనవాళ్లు పడిపోతే భుజం పట్టలేకపోయాడు. చేయి అందని చోట మనిషికి మిగిలేది మొక్కు. వార్డుల్లో నైట్ డ్యూటీ చేసినన్నాళ్లూ నేను ఇది చూశాను. బయట వరండాలో గోడకానుకుని కూర్చున్న తల్లి పెదవులు కదులుతూనే ఉండేవి. సెలైన్ మారుస్తూ, బీపీ చూస్తూ నేను చేసే పనికి ఆమె ఏనాడూ అడ్డు రాలేదు. కుంకుమ పొట్లం దిండు కింద పెడతానంటే నేనూ కాదనలేదు.

ఆ అమ్మవారికి ఆషాఢంలో నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లే నైవేద్యం బోనం. మా బస్తీలో అది ఎలా సిద్ధమయ్యేదో చెబుతాను. ఆషాఢం రాగానే అమ్మమ్మ కొత్త కుండ తెచ్చేది. సున్నం పూసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపకొమ్మలు కట్టేది. పాలూ బెల్లం వేసి వండిన అన్నం లోపల పెట్టి, పైన దీపం ముట్టించేది. పసుపు నీళ్లలో వేపాకులు వేసి సాక పోయడానికి చెంబు వేరే. కుండ నెత్తికెత్తుకునే ముందు ఒక నిమిషం ఆగి పేర్లు చెప్పేది. వెనక గల్లీలో పక్షవాతంతో మంచానపడ్డ ముసలాయన, టీబీ మందులు వాడుతున్న టైలరు, నెలలు నిండకుండా పుట్టిన పక్కింటి పసిపాప. మా ఇంటివాళ్ల పేర్లు చివర్లో వచ్చేవి. ఆఖరికి ఒకటే మాట, "అందర్నీ సల్లంగ సూడు తల్లీ."

ఆషాఢం ఊరికే కుదిరిన నెల కాదు. తొలి వానలకు మురుగంతా బావుల్లోకి, చెరువుల్లోకి చేరేది. వాంతులు, విరేచనాలు, జ్వరాలు మొదలయ్యేది అప్పుడే. గోల్కొండలో మొదలై సికింద్రాబాద్‌కు, ఆపైన లాల్‌దర్వాజాకు సాగే బోనాలు, జబ్బుల కాలానికి ఊరంతా ఎదురెళ్లి నిలబడే పండుగ. 1908లో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూడా అమ్మవారికి మొక్కుకున్నాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగ చేసింది. 2020లో కరోనా వల్ల ఇళ్లలోనే బోనం చేసుకోమని అదే ప్రభుత్వం కోరింది, గుడిలో పూజారులే పూజలు జరిపారు. ఒకరి ఊపిరి ఇంకొకరికి ముప్పు కాకూడదని జనం గుడి ముందు గుమిగూడకపోవడం కూడా ఆ ఏటి మొక్కులో భాగమేనని నేను నమ్ముతాను.

కలరాకు ఇప్పుడు మందుంది. మశూచి మన దేశంలో 1975లోనే ఆగిపోయింది. అయినా మొక్కుల అవసరం తీరలేదు. డయాలసిస్ మంచం మీద, కేన్సర్ వార్డులో మనవాళ్లున్నారు. మన మొక్కులే చిన్నవైపోయాయి. నా బిడ్డ పరీక్ష, నా ఇల్లు, నా వీసా అంటున్నాం. అప్పయ్య అడిగింది ఊరి ప్రాణం. అడిగి ఊరుకోలేదు, విగ్రహంతో తిరిగొచ్చి మాట చెల్లించుకున్నాడు. ఈ ఆషాఢంలో బోనమెత్తే ఆడబిడ్డల్ని నేను కోరేది ఒక్కటే. మీ ఇంటివాళ్ల పేర్ల కంటే ముందు మీ గల్లీలో మంచానపడ్డ ఒకరి పేరు చెప్పండి. పండుగ మర్నాడు వాళ్ల గడప తొక్కి, మందులున్నాయా, తోడెవరైనా ఉన్నారా అని అడిగి రండి.