ఉత్తరాల్లో దొరికిన దేశం: థియోడర్ బ్లేగెన్ చరిత్ర రచన

సొంతవాళ్ళ చరిత్ర రాయడానికి కూర్చున్నవాణ్ణి పాఠకులు కాస్త అనుమానంగానే చూస్తారు. తాత ముత్తాతల మీద మమకారం ఉన్నవాడు వాళ్ళ తప్పులు చెప్పగలడా, వాళ్ళ కష్టాన్ని ఉన్నంతే చూపగలడా అన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే మమకారాన్ని చంపుకోవడమే దానికి విరుగుడు అనుకుంటే పొరపాటు. నార్వే నుంచి అమెరికాకు సాగిన వలసకు చరిత్ర రాసిన థియోడర్ బ్లేగెన్ జీవితం ఇందుకు మంచి నిదర్శనం. సామాన్యుడి మాటను సాక్ష్యంగా చూడాలంటే ముందు ఆ మనిషి మీద గౌరవం ఉండాలి; ఆ సాక్ష్యాన్ని నిగ్గు తేల్చాలంటే నియమం ఉండాలి. ఈ రెండూ ఒకే చేతిలో కలిసినప్పుడే వలస చరిత్ర చరిత్రగా నిలుస్తుందని ఆయన పని రుజువు చేసింది. బ్లేగెన్ 1891లో మినియాపొలిస్‌లో, నార్వే నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలో పుట్టాడు. గ్రీసులోని పైలోస్ దగ్గర 1939లో లీనియర్ బి లిపి మట్టిపలకలను వెలికితీసిన పురావస్తు శాస్త్రవేత్త కార్ల్ బ్లేగెన్ ఆయన అన్న. అన్న రాజుల కోటల శిథిలాల్లో గతాన్ని వెతికితే, తమ్ముడు కౌలు రైతులు, ఇంటిపని చేసే ఆడవాళ్ళు ఇంటికి రాసుకున్న ఉత్తరాల్లో వెతికాడు.

ఆ ఉత్తరాల వెనక ఉన్న వలస చిన్నది కాదు. 1825 జులై 4న రెస్టౌరాసియోన్ అనే చిన్న తెరచాప ఓడ స్టవాంగర్ రేవు నుంచి 52 మందితో బయలుదేరింది. అక్టోబరు 9న న్యూయార్క్ చేరేసరికి వాళ్ళు 53 మంది అయ్యారు, నడిసముద్రంలో ఒక ఆడపిల్ల పుట్టింది. వాళ్ళలో క్వేకర్ మతస్థులూ, వాళ్ళ మీద సానుభూతి ఉన్నవాళ్ళూ ఎక్కువ. నార్వే అధికారిక చర్చి పెత్తనం నుంచి బయటపడాలన్న కోరిక వాళ్ళను కదిలించింది. ఆ తర్వాత కదిలినవాళ్ళను మాత్రం ఎక్కువగా నేలే కదిలించింది. కొండలూ రాళ్ళూ నిండిన ఆ దేశంలో సాగుకు పనికొచ్చే భూమి మొత్తం విస్తీర్ణంలో చాలా కొద్ది శాతం. జనాభా పెరిగేకొద్దీ సొంత పొలం లేక, ఆసామి పొలంలో పనిచేస్తూ గుడిసె వేసుకుని బతికే కుటుంబాలు పెరిగిపోయాయి. 1801 జనగణన నాటికి నార్వే జనాభా సుమారు 8 లక్షల 83 వేలు. 1825 తర్వాతి వందేళ్ళలో దేశం విడిచినవాళ్ళు దాదాపు 8 లక్షలు. జనాభాతో పోలిస్తే ఐరోపాలో ఐర్లండ్ తర్వాత ఇంతమందిని పోగొట్టుకున్న దేశం నార్వేనే.

ఈ వలస గురించి బ్లేగెన్ కంటే ముందు రాసినవాళ్ళు లేకపోలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాస్మస్ ఆండర్సన్, కొలంబస్ కంటే ముందే నార్వేవాళ్ళు అమెరికా చేరారని చాటుతూ 1874లోనే పుస్తకం వేశాడు. తొలి వలస కుటుంబాల వివరాలు సేకరించి 1895లో మరో పుస్తకం తెచ్చాడు. ఆ సేకరణ విలువైనదే గాని, ఆ తరం రచనల వెనక ఉన్న ఆరాటం వేరు: మేమూ ఈ దేశానికి హక్కుదారులమే అని నిరూపించుకోవడం. ఆ ఆరాటానికి తర్వాతి కాలంలోనూ కారణాలు తగ్గలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లీషు కాని ప్రతి భాషనూ అమెరికా అనుమానంగా చూసింది. 1918లో అయోవా గవర్నర్ బహిరంగంగా ఇంగ్లీషు తప్ప వేరే భాష వాడవద్దని ప్రకటన చేశాడు. 1924 చట్టం వలసదారుల సంఖ్యకు గట్టి పరిమితులు పెట్టింది. కొత్తవాళ్ళ రాక తగ్గుతూ, ఉన్నవాళ్ళ పిల్లలు భాష మరిచిపోతున్న ఆ రోజుల్లోనే, తొలి ఓడ బయలుదేరి నూరేళ్ళు నిండిన 1925లో, మినెసోటాలోని సెయింట్ ఓలాఫ్ కళాశాల ఆసరాగా నార్వేజియన్ అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ పుట్టింది. నవలాకారుడు రోల్వాగ్ దానికి తొలి కార్యదర్శి. బ్లేగెన్ దాని ప్రచురణలకు సంపాదకుడై 1960 దాకా, అంటే ముప్పై ఐదేళ్ళు, ఆ బాధ్యత మోశాడు. ఉత్సవంలో పుట్టిన సంస్థ ఉత్సవ సాహిత్యం అచ్చువేసి ఊరుకోవడం తేలిక. బ్లేగెన్ దానిచేత మూలపత్రాలు అచ్చు వేయించాడు. ఆయన చేసిన మొదటి మేలు ఇదే.

మూలపత్రాలంటే ఆయన దృష్టిలో ముందు వరసలో ఉన్నవి ‘అమెరికా ఉత్తరాలు’. నార్వే రైతు ఉత్తరం రాయగలగడానికి ఒక చరిత్ర ఉంది. 1736 నాటి రాజశాసనం చర్చిలో మతదీక్షను అందరికీ తప్పనిసరి చేసింది. దానికి చదవడం రావాలి కాబట్టి 1739లో పల్లె బడుల చట్టం వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం నాటికి పేద ఇళ్ళలో కూడా చదవగలిగినవాళ్ళు ఉండేవారు. 1831లో అమెరికా చేరిన యెర్ట్ హోవ్‌లాన్ రాసిన ఉత్తరాలు చేతిరాత ప్రతులుగా పశ్చిమ నార్వే ఊళ్ళన్నీ తిరిగాయి. స్నోసా ఊరి పాస్టరు కొడుకు ఓలె రిన్నింగ్ 1837లో ఇల్లినాయి చేరి, ఆ చలికాలం మంచుకు పాదాలు దెబ్బతిని మంచం పట్టి, వలసపోదలచినవాళ్ళ ప్రశ్నలకు జవాబులుగా ఒక చిన్న పుస్తకం రాశాడు. 1838లో అది నార్వేలో అచ్చయింది. అదే ఏడాది ఆయన చనిపోయాడు. బ్లేగెన్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1926లో అసోసియేషన్ తరఫున ప్రచురించాడు. 1928లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ మీద నార్వే వెళ్ళి, అక్కడి గ్రంథాలయాల్లో, పాత పత్రికల కట్టల్లో వలస ఉత్తరాలు వెతికి ప్రతులు తీసుకున్నాడు. మార్టిన్ రూడ్‌తో కలిసి 1936లో వలస పాటల సంకలనం తెచ్చాడు. వయొలిన్ విద్వాంసుడు ఓలె బుల్ 1852లో పెన్సిల్వేనియాలో స్థాపించిన కాలనీని వెక్కిరిస్తూ పుట్టిన ‘ఓలియానా’ పాట కూడా ఆయనకు చరిత్ర ఆధారమే. ఒక సమాజం దేని గురించి నవ్వుకుందో తెలిస్తే, అది దేనికి ఆశపడిందో కూడా తెలుస్తుంది.

ఈ ఆధారాల మీద కట్టిన పెద్ద పుస్తకం 1825–1860 మధ్య వలస చరిత్ర, 1931లో వచ్చింది. వచ్చినవాళ్ళు అమెరికా జీవితంలోకి ఎలా మారారో చెప్పే రెండో సంపుటం 1940లో వచ్చింది. మొదటి సంపుటం బలమంతా రెండు తీరాలనూ కలిపి చూడటంలో ఉంది. అమెరికా చరిత్రకారుడికి వలసదారుడు రేవులో దిగినప్పటినుంచే లెక్క. నార్వే చరిత్రకారుడికి ఓడ ఎక్కేదాకానే లెక్క. బ్లేగెన్ ఆ మధ్యలో తెగిన దారాన్ని ముడివేశాడు. ఒక పక్క బెర్గెన్ బిషప్ నోయ్‌మాన్ ఊరు విడవవద్దని 1837లో రైతులకు చేసిన హితబోధ, మరో పక్క ప్రభుత్వ భూమి ఎకరా డాలరుంబావుకే దొరుకుతుందని వచ్చిన ఉత్తరం: ఈ రెండింటి మధ్య నలిగిన ఇంటిని ఆయన చూపించాడు. బ్రిటన్ తన నౌకాయాన చట్టాలను 1849లో రద్దు చేశాక నార్వే ఓడలు మనుషులను క్విబెక్‌లో దించి, తిరుగు ప్రయాణంలో కెనడా కలపను బ్రిటన్‌కు మోసుకెళ్ళాయి. 1850 తర్వాత వలస దారి న్యూయార్క్ నుంచి క్విబెక్‌కు మారడానికి కారణం ఈ కలప వ్యాపారమే. రైతు కల, ఓడ యజమాని లాభం ఒకే కథలో భాగాలని రెండు తీరాలనూ కలిపి చూసినప్పుడుగాని అర్థం కాదు. 1947లో ఆయన వేసిన ‘గ్రాస్ రూట్స్ హిస్టరీ’ ఈ పద్ధతికి సిద్ధాంతం. దగ్గరున్నదాన్ని, మామూలుదాన్ని చిన్నచూపు చూసే పండితుల అలవాటు కూడా ఒక సంకుచితత్వమేనని అందులో ఆయన వాదించాడు.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే. ఉత్తరం అబద్ధం ఆడగలదు. ఓడిపోయినవాడు రాయడు, సిగ్గుపడినవాడు దాస్తాడు, బంధువులను రప్పించుకోవాలనుకున్నవాడు రంగులు పూస్తాడు. పత్రిక సంపాదకుడు తనకు నచ్చిన ఉత్తరమే వేస్తాడు. ఇదంతా నిజం. అయితే బ్లేగెన్ ఏ ఉత్తరాన్నీ ఒంటరిగా నమ్మమనలేదు. ఆయన సంపాదకత్వంలోని సంపుటాల్లోనే, అమెరికాలో ఆశాభంగం పొంది వెనక్కి వచ్చిన స్యూర్ హోహైమ్ 1842లో వేసిన హెచ్చరిక పుస్తకానికీ చోటు దొరికింది. రిన్నింగ్ ఉన్న బీవర్ క్రీక్ కాలనీ చలిజ్వరాలతో నాశనమై జనం విడిచిపోయిన సంగతి కూడా దాచలేదు. అంతకంటే ముఖ్యం, ఉత్తరంలోని అతిశయోక్తి కూడా ఒక వాస్తవమే. ఇల్లినాయి నేల ఎంత పండిందో ఆ వాక్యం సరిగ్గా చెప్పకపోవచ్చు, కాని ఆ వాక్యం చదివి ఒక కుటుంబం ఇల్లు అమ్ముకుంది. వలస ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు పంట లెక్క కంటే ఆ వాక్యమే దగ్గరి జవాబు. ఆయన సేకరించింది కొంతే అన్నదీ నిజమే. నార్వే జాతీయ ఆర్కైవ్స్ 1992 నుంచి ఓర్మ్ ఓవర్‌లాన్, స్టైనార్ షేర్‌హైమ్‌ల సంపాదకత్వంలో ఉత్తరాలను సంపుటాలుగా ప్రచురించడంతో ఆ ఆధారం ఎంతో విస్తరించింది. అది బ్లేగెన్ వేసిన దారి పొడిగింపే.

రెండో ఆక్షేపణ ఆయన పుట్టుక గురించి. తన జాతి గొప్పతనం మీద తీర్పు చెప్పవలసి వస్తే ఆయన ఏం చేశాడన్నదే దీనికి పరీక్ష. 1898లో మినెసోటాలోని కెన్సింగ్టన్ దగ్గర ఓలోఫ్ ఓమన్ అనే రైతు పొలంలో రూన్ లిపి చెక్కిన రాయి ఒకటి బయటపడింది. 1362లో నార్డిక్ యాత్రికులు అక్కడికి వచ్చారని అందులో ఉంది. యాల్మర్ హోలాన్ దాని తరఫున జీవితమంతా వాదించాడు. మినెసోటా హిస్టారికల్ సొసైటీ సంఘం ఒకటి 1910లో దానికి అనుకూలంగా మాట్లాడింది కూడా. అదే సొసైటీకి బ్లేగెన్ 1931 నుంచి 1939 దాకా సూపరింటెండెంట్. తన పూర్వీకులకు అమెరికా గడ్డ మీద అయిదు వందల ఏళ్ళ ప్రాచీనతను కట్టబెట్టే ఆ రాయిని, తన మరణానికి ఏడాది ముందు, 1968లో వేసిన పుస్తకంలో ఆయన పత్రాల వెలుగులో పరీక్షించి, అది పందొమ్మిదో శతాబ్దపు చేతిపనే అన్న నిర్ణయానికి వచ్చాడు. కట్టుకథ గౌరవాన్ని ఆయన వద్దనుకున్నాడు. నిజంగా వచ్చిన కూలీ రైతుల ఉత్తరాలు ఉండగా లేని వీరుల రాయి ఆయనకు అవసరం లేకపోయింది.

మూడో ఆక్షేపణకు ఆయన పనిలో పూర్తి జవాబు లేదు, దాన్ని ఒప్పుకోవాలి. నార్వేవాళ్ళకు దొరికిన ఆ నేల ఎవరిది? 1851 ఒప్పందాలతో డకోటా ప్రజలు దక్షిణ మినెసోటాలో చాలా భాగం పోగొట్టుకున్నారు. ఇస్తామన్న సొమ్ము సమయానికి అందక, ఆకలితో 1862లో వాళ్ళు తిరగబడ్డారు. ఆ యుద్ధంలో భర్తనూ కొడుకునూ కోల్పోయిన గురి ఎండ్రెసన్ 1866లో తల్లికి రాసిన ఉత్తరాన్ని లోకానికి పరిచయం చేసింది బ్లేగెనే. ఆ ఉత్తరంలో ఆమె దుఃఖం ఉంది. 1862 డిసెంబరు 26న మంకాటోలో ఉరికంబం ఎక్కిన 38 మంది డకోటా పురుషుల ఇళ్ళలోని దుఃఖానికి అందులో చోటు లేదు. ఒక సమాజం ఉత్తరాల నుంచి చరిత్ర రాస్తే, ఆ సమాజానికి ఉత్తరం రాయనివాళ్ళు మాయమవుతారు. ఇది ఆయన పద్ధతికి ఉన్న హద్దు. అయితే ఆ హద్దును దాటినవాళ్ళు కూడా ఆయన పద్ధతినే వాడారు. కారెన్ హాన్సెన్ 2013లో వేసిన పుస్తకం, ఉత్తర డకోటాలోని స్పిరిట్ లేక్ రిజర్వేషన్‌లో స్కాండినేవియన్ రైతులూ డకోటా ప్రజలూ పక్కపక్కన బతికిన కాలాన్ని, రెండు పక్షాల మామూలు మనుషుల మాటల నుంచే నిర్మించింది. సామాన్యుడి సాక్ష్యాన్ని ఒక పక్షం నుంచే తీసుకున్నందువల్ల వచ్చిన లోటు, రెండో పక్షం సామాన్యుణ్ణి కూడా పిలిచినప్పుడే తీరింది.

అందుకే బ్లేగెన్‌ను ఒక జాతి వందిమాగధుల వరసలో నిలబెట్టడం అన్యాయం. ఆయన విడిచివెళ్ళినది ఒక నిబంధన: వలసదారుడి మాట వినకుండా వలస చరిత్ర రాయకూడదు, విన్నంత మాత్రాన నమ్మేయకూడదు. మొదటి సగం లేకపోతే చరిత్ర ప్రభుత్వాల లెక్కల పుస్తకంగా మిగులుతుంది, రెండో సగం లేకపోతే వంశావళి స్తోత్రం అవుతుంది. తమ తాతల ప్రయాణాన్ని రాసిపెట్టుకోవాలనుకునే ఏ సమాజమైనా ఈ రెండు సగాలనూ కలిపే పాటించాలి. వాళ్ళు అడుగుపెట్టిన నేల మీద అంతకు ముందే ఉన్నవాళ్ళనూ అదే శ్రద్ధతో వినాలి.